ఇరవై ఎనిమిది గళ్ళు

మా అక్క కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. పోయిన నెల ఓ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. ఆదివారం వాడు పది గంటల లోపు లేచాడంటేనే ఏదో కొంప మునిగే పని పెట్టుకున్నాడని అర్థం.

"మావయ్యా, కంప్యూటర్ బేరం ఒకటి తగిలింది. పద్నాలుగు కోర్లు, ఇరవై ఎనిమిది థ్రెడ్లు, అరవై నాలుగు జీబీ ర్యామ్. ప్రాసెసర్ ఒక్కటే అయితే మూడు వేలకే ఇస్తాడట."

"ఏం ప్రాసెసర్ రా అది?"

"జియాన్. సర్వర్లలో వాడేది. రాత్రీ పగలూ ఆగకుండా నడిచే సరుకు కదా మావయ్యా, నేనాడే ఆట దానికో లెక్కా?"

లెక్కే. కానీ ఆ ముక్క ఫోన్లో చెబితే వాడు వింటాడా? నేను కంప్యూటర్లు విప్పి బిగించడం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. చవగ్గా వచ్చిన సర్వర్ సామాను చూసి నేనూ రెండు మూడుసార్లు మురిసిపోయినవాణ్ణే. అందులో ఒకసారి బాగుపడ్డాను, ఒకసారి ఇంట్లో చీవాట్లు తిన్నాను. ఆ రెండూ కలిపి ఈవేళ మీతో చెబుదామని వచ్చాను.

ముందు ఆ మూడు వేల ధర సంగతి చూద్దాం. జియాన్ అనేది ఇంటెల్ కంపెనీ 1998 నుంచి సర్వర్లకూ, వర్క్‌స్టేషన్లకూ వాడుతున్న పేరు. మావాడికి తగిలింది ఈ5-2680 వీ4 అనే రకం. 2016 మొదట్లో వచ్చింది. అప్పుడు ఇంటెల్ చెప్పిన ధర 1,745 డాలర్లు. ఆనాటి మారకంలో మన డబ్బు లక్ష దాటుతుంది. లక్ష రూపాయల వస్తువు మూడు వేలకు దిగిందంటే మనసు లాగడం సహజమే.

అయితే అది పాడైపోయి దిగలేదు. డేటా సెంటర్‌లో ఒక్కో యంత్రం పెట్టిన చోటుకి అద్దె ఉంటుంది, తాగే కరెంటుకి బిల్లు ఉంటుంది, దాన్ని చల్లబరచడానికి ఇంకో బిల్లు. కొత్త చిప్పు అదే కరెంటుకి రెండింతలు మూడింతలు పనిచేస్తుంటే, పాతది ఎంత గట్టిగా ఉన్నా అక్కడ ఉంచుకోవడం నష్టం. అందుకని దాని ఆయుష్షును చార్టర్డ్ అకౌంటెంట్లు రాస్తారు. గూగుల్ తన సర్వర్ల లెక్కల ఆయుష్షును 2023లో నాలుగేళ్ళ నుంచి ఆరేళ్ళకు పెంచింది. ఆ గడువు తీరాక ఒకటీ అరా కాదు, వేలకు వేలు ఒకేసారి బయటికొస్తాయి. మదనపల్లె మార్కెట్‌కి టమాటా పోటెత్తినప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. ఇక్కడా అదే. కాయ మంచిదే, కొనేవాడే లేడు.

ఆ కాయల్ని కొనడానికి చైనాలో కొందరు ముందుకొచ్చారు. పాత బోర్డుల నుంచి చిప్‌సెట్లు ఊడబీకి, వాటితో కొత్త మదర్‌బోర్డులు అచ్చేసి, ఈ జియాన్లు అందులో కూర్చునేలా చేశారు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి ఒక పొట్లం. ప్రపంచం నలుమూలలా డబ్బు తక్కువున్న కుర్రాళ్ళు అలీఎక్స్‌ప్రెస్‌లో ఈ పొట్లాలు తెప్పించుకున్నారు. మన దేశంలో 2020 నవంబరులో ఆ యాప్‌ని నిషేధించారు. కాబట్టి మనవాళ్ళకి ఇది దిగుమతి చేసేవాళ్ళ ద్వారానో, పాత సామాను అమ్మేవాళ్ళ ద్వారానో చేరుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ చుట్టుపక్కల దుకాణాల దగ్గర నిలబడితే, "అన్నా, జియాన్ ఉందా" అని అడిగే కుర్రాడు ఒకడైనా కనిపిస్తాడు. వారంటీ సంగతి మాత్రం వాడూ అడగడు, వీడూ చెప్పడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పెళ్ళిళ్ళకి గాడిపొయ్యి తవ్వి వంట చేయడం మీరంతా చూసే ఉంటారు. వరుసగా గుండిగలు ఎక్కిస్తారు. ఐదొందల మందికి ఒకే పూట వడ్డించాలంటే దానికి మించిన ఏర్పాటు లేదు. అదే గాడిపొయ్యి మీద, ఒక్క మనిషికి, ఒక్క గ్లాసు కాఫీ, ఇప్పటికిప్పుడు కావాలంటే? పొయ్యి చిన్నబుచ్చుకోదు గానీ కాఫీ ఆలస్యమవుతుంది. మీ వంటింట్లో గ్యాస్ స్టవ్ చిన్న బర్నర్ ఈలోపు రెండు గ్లాసులు కాచి పడేస్తుంది.

సర్వర్ గాడిపొయ్యి లాంటిది. ఒకేసారి వేలమంది రైలు టికెట్లు అడుగుతారు, బ్యాంకు నిల్వ చూసుకుంటారు. ఏ ఒక్కరి పనీ పెద్దది కాదు, ఒకరి పనికి ఇంకొకరి పనితో సంబంధం లేదు. అందుకని కోర్లు ఎన్ని ఉంటే అంత మేలు. ఒక్కో కోరూ కాస్త నిదానంగా నడిచినా ఫరవాలేదు. ఒకరికి జవాబు నాలుగు మిల్లీసెకన్లు ఆలస్యమైతే వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

ఆట అలా కాదు. తెర మీద బొమ్మ సెకనుకి అరవైసార్లు మారాలంటే ఒక్కో బొమ్మకి ఉన్న వ్యవధి 16 మిల్లీసెకన్ల పైచిలుకు. ఇప్పటి కుర్రాళ్ళు 144 హెర్ట్జ్ మానిటర్లు కొంటున్నారు, దానికైతే ఏడు మిల్లీసెకన్లు కూడా లేదు. ఆ కాస్త వ్యవధిలో కంప్యూటర్ మీరు నొక్కిన మీట చూడాలి, మీ బొమ్మని కదపాలి, తూటా ఎవరికి తగిలిందో తేల్చాలి, ఎదుటివాడి బుద్ధి లెక్కగట్టాలి, ఆ తర్వాత ఏం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకి చెప్పాలి. ఇందులో చాలా పనులు ఒకదాని వెనక ఒకటి జరగాల్సినవే. తూటా తగిలిందో లేదో తేలకుండా మనిషి పడిపోయే బొమ్మ గీయలేరు కదా. కొన్ని పనుల్ని పక్క కోర్లకు పంచవచ్చు, పంచుతున్నారు కూడా. 2015లో డైరెక్ట్‌ఎక్స్ 12, మరుసటి ఏడు వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతులు వచ్చాక ఆ పంపకం మెరుగుపడింది. అయినా పగ్గాలు పట్టుకున్న ఒక ప్రధాన థ్రెడ్ ఉంటుంది. అది ఎంత వేగంగా నడిస్తే ఆట అంత వేగం. మిగతా ఇరవై ఏడూ దాని వంక చూస్తూ కూర్చుంటాయి.

ఇంకో సంగతుంది. ఆటలు తయారుచేసేవాళ్ళు ముందు ఎవరి కోసం చేస్తారు? 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, రెండింటిలోనూ ఉన్నవి ఎనిమిదేసి కోర్లే. కోట్లమంది ఇళ్ళలో ఎనిమిదే ఉంటే, పద్నాలుగు ఉన్న మా మేనల్లుడి కోసం ప్రత్యేకంగా ఎవరు రాస్తారు చెప్పండి.

ఆ జియాన్ ఒక్క కోర్ మీద మహా అయితే 3.3 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. కోర్లన్నీ పనిలో ఉంటే 2.9 దగ్గర ఆగుతుంది. దాని పక్కన 2022 మొదట్లో వచ్చిన ఇంటెల్ ఐ3-12100ఎఫ్ పెట్టి చూడండి. నాలుగే కోర్లు. వచ్చిన రోజున ధర వంద డాలర్ల లోపు. కోర్ వేగం 4.3 గిగాహెర్ట్జ్. వేగం అంకె ఒక్కటే కాదు, ఒక్కో టిక్కుకి చేసే పని కూడా ఆ ఆరేళ్ళలో పెరిగింది. రెండూ కలిపితే కోర్‌కి కోర్ పెట్టి చూసినప్పుడు ఇంచుమించు రెట్టింపు దాకా తేడా. ఒకప్పటి లక్ష రూపాయల ఏనుగుని ఇప్పటి పిల్ల గుర్రం పందెంలో దాటిపోతుంది. ఏనుగుకి దుంగలు మోసే పని పెడితే అది వేరే కథ.

"మరి మెమరీ మావయ్యా? సర్వర్ ర్యామ్ తప్పులు దిద్దుకుంటుందట కదా" అన్నాడు వాడు. ఈ ప్రశ్నకి మాత్రం నాకు సంతోషం వేసింది. ఎందుకంటే ఆ కథ నాకు చాలా ఇష్టం.

1940ల చివర్లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ అనే గణితజ్ఞుడు ఉండేవాడు. శని, ఆదివారాల్లో రిలే కంప్యూటర్ ఖాళీగా ఉంటుందని, శుక్రవారం తన లెక్క దానికి అప్పగించి ఇంటికి వెళ్ళేవాడు. యంత్రానికి తప్పు దొరికితే దిద్దేవాడు లేక ఆ లెక్క వదిలేసి తర్వాతదానికి పోయేది. సోమవారం వచ్చి చూస్తే ఏమీ అయ్యుండేది కాదు. తప్పు జరిగిందని కనిపెట్టగలిగిన యంత్రం ఎక్కడ జరిగిందో ఎందుకు కనిపెట్టలేదని ఆయనకు ఒళ్ళు మండింది. ఆ మంటలోంచి పుట్టిందే 1950లో అచ్చయిన హామింగ్ కోడ్. ఇవాళ్టి ఈసీసీ మెమరీ ఆ చెట్టు కొమ్మే. మామూలు ర్యామ్ ఒక విడతలో 64 బిట్లు పట్టుకుంటే, ఈసీసీ 72 పట్టుకుంటుంది. ఆ ఎనిమిదీ కాపలాదార్లు. ఒక బిట్ తిరగబడితే దిద్దుతాయి, రెండు తిరగబడితే కేక వేస్తాయి.

బిట్ ఉత్తిపుణ్యానికి తిరగబడుతుందా అని మీకు సందేహం రావచ్చు. 2003 మే నెలలో బెల్జియంలో ఎన్నికలు జరిగాయి. స్కార్‌బీక్ అనే చోట ఒక అభ్యర్థికి యంత్రం సరిగ్గా 4,096 ఓట్లు అదనంగా చూపించింది. అన్ని ఓట్లు రావడం సాధ్యమే కాదు కాబట్టి దొరికిపోయింది. 4,096 అంటే రెండుని పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య, అంటే ఒకే ఒక్క బిట్ సున్నా నుంచి ఒకటయింది. వెతికితే యంత్రంలో లోపమేమీ కనబడలేదు. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల ఇలాంటివి జరుగుతుంటాయి, ఇదీ అదే కావచ్చునన్నారు. 2013లో సూపర్ మారియో 64 ఆడుతున్న ఒకతనికి బొమ్మ ఉన్నట్టుండి పైఅంతస్తుకి ఎగిరిపోయింది. అలా మళ్ళీ చేసి చూపించినవాళ్ళకి వెయ్యి డాలర్లిస్తానని ఒకాయన ప్రకటించాడు. ఎవరివల్లా కాలేదు. బొమ్మ ఎత్తుని చెప్పే అంకెలో ఒక్క బిట్‌ని చేత్తో తిప్పితే మాత్రం అచ్చం అలాగే ఎగిరింది. ఆ తిప్పింది నక్షత్రమేనని రుజువేమీ లేదు. కానీ నాకు నమ్మాలనిపిస్తుంది.

ఇక మావాడి ప్రశ్నకి జవాబు. ఓట్ల లెక్కకీ, బ్యాంకు ఖాతాకీ ఈసీసీ ఉండి తీరాలి. ఆటలో బిట్ తిరగబడితే మహా అయితే గోడ రంగు మారుతుంది, లేదా ఆట మూసుకుపోతుంది. మళ్ళీ తెరుచుకుంటాం. పైగా ఈ సర్వర్ ర్యామ్‌లో ఎక్కువ భాగం రిజిస్టర్డ్ అనే రకం. సంకేతాల్ని మధ్యలో ఒక చిప్ అందుకుని ముందుకి పంపుతుంది. దానివల్ల ఎన్నో ర్యామ్ కర్రల్ని ఒకే బోర్డులో గుచ్చవచ్చు, కానీ ప్రతిసారీ ఒక టిక్కు ఆలస్యం. మామూలు ఇంటి మదర్‌బోర్డులో అది పనిచేయదు. చూడ్డానికి అలాగే ఉంటుంది, గాడిలో దిగినట్టే ఉంటుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. తెలియక కొన్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

ఇక్కడ ఒక మాట మావాడి వైపు నుంచి కూడా చెప్పాలి. 2025 చివరికి వచ్చేసరికి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోయి, మామూలు ర్యామ్ ధరలు మండిపోయాయి. మైక్రాన్ కంపెనీ ఆ డిసెంబరులో, క్రూషల్ పేరుతో మామూలు కొనుగోలుదార్లకి అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటి రోజుల్లో అరవై నాలుగు జీబీ పాత సర్వర్ ర్యామ్ చవగ్గా కనబడితే కుర్రాణ్ణి తప్పు పట్టలేం. అయితే ఆట ఆడటానికి పదహారు సరిపోతుంది, ముప్ఫై రెండైతే దర్జా. మిగిలింది ఇల్లు అలంకరించుకోవడానికి.

సర్వర్ సామాను ఆటకి ఎప్పుడూ పనికిరాలేదా అంటే, అదీ అబద్ధమే. నేను బాగుపడ్డానన్న సంగతి అదే. పన్నెండేళ్ళ కిందటి మాట. ఇంట్లో ఎల్‌జీఏ 775 బోర్డు ఉండేది, పాతబడిపోయింది. అప్పుడు సర్వర్లలోంచి తీసేసిన 771 రకం జియాన్లు కారుచవగ్గా దొరికేవి. రెండింటికీ పిన్నుల్లో ఉన్న తేడా బహు కొంచెం. ఎవరో మహానుభావులు రెండు పిన్నుల్ని తారుమారు చేసే చిన్న స్టిక్కర్ కనిపెట్టారు. ప్రాసెసర్ కింద ఆ స్టిక్కర్ అంటించి, సాకెట్‌లో అడ్డొచ్చే ప్లాస్టిక్ నొక్కుల్ని బ్లేడుతో కోసి, దేవుడి మీద భారం వేసి బిగించాను. నాలుగు కోర్ల జియాన్ ఇ5450 ఆ బోర్డు మీద మూడేళ్ళు నడిచింది. ఆ పని చేస్తున్నంతసేపూ మా నాన్నగారు పక్కనే నిలబడి, "సర్జన్‌వి అవుతావనుకుంటే ఇదా" అన్నారు.

ఇ3 రకం జియాన్లు కూడా ఉండేవి. ఇ3-1230 వీ3 లాంటివి పేరుకే సర్వర్‌వి. లోపల చూస్తే ఐ7 ప్రాసెసరే. అవే నాలుగు కోర్లు, అవే ఎనిమిది థ్రెడ్లు, అదే సాకెట్. బొమ్మ చూపించే గ్రాఫిక్స్ భాగం ఒక్కటి ఉండదు, వేరే కార్డు పెట్టుకునేవాడికి దాంతో పనే లేదు. ధరేమో ఐ5 దగ్గర్లో. తెలిసినవాళ్ళంతా అదే కొన్నారు. ఇంటెల్‌కి ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? 2015లో వచ్చిన తరం నుంచి ఆ జియాన్లు ఇంటి బోర్డుల మీద నడవకుండా, సర్వర్ చిప్‌సెట్ ఉంటేనే నడిచేలా తలుపు వేసేసింది. ఇంకో తలుపు పోటీ కంపెనీ ఏఎండీ తెరిచింది. 2024లో వచ్చిన ఎపిక్ 4004 వరస సర్వర్ చిప్పులు నిజానికి ఇంటి కంప్యూటర్ల రైజెన్ 7000 కుటుంబంలోనివే, అదే ఏఎం5 సాకెట్. అంటే పెట్టె మీద సర్వర్ అని రాసి ఉందా లేదా అన్నది కాదు చూడాల్సింది. లోపలి చిప్పు ఎవరి పిల్ల, ఏ ఏడు పుట్టింది, అది చూడాలి.

చీవాట్ల సంగతి. రెండు ప్రాసెసర్లున్న ఒక పాత ర్యాక్ సర్వర్, ఆఫీసు సామాను వేలం వేస్తుంటే తెచ్చాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ. బటన్ నొక్కితే ముందు ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా ఊదాయి. మా ఇంటావిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, మిక్సీ పేలిందేమోనని. ఆ పెట్టెల ఎత్తుని ‘యూ’లలో కొలుస్తారు, ఒక యూ అంటే ఒకటీ ముప్పావు అంగుళం. అంత పల్చటి పెట్టెలో పెద్ద ఫ్యాన్ పట్టదు. నలభై మిల్లీమీటర్ల బుల్లి ఫ్యాన్లు పెట్టి నిమిషానికి పది పదిహేను వేల చుట్లు తిప్పుతారు. డేటా సెంటర్‌లో మనుషులు పడుకోరు కనుక అక్కడ ఎవరికీ బాధ లేదు. మాది రెండు పడకగదుల ఇల్లు. ఇక తెర మీద అక్షరం రావడానికే రెండు మూడు నిమిషాలు. ఒక్కో ర్యామ్ కర్రనీ, ఒక్కో కార్డునీ పేరు పేరునా పలకరించి గానీ అది మొదలుపెట్టదు. కొండంత రాగం అన్నమాట. పాట విందామంటే గ్రాఫిక్స్ కార్డుకి చోటు లేదు, దానికి కరెంటిచ్చే తీగ లేదు. రెండు ప్రాసెసర్లుంటే ఆట రెండింతలు వేగం అనుకోకండి. ఒక ప్రాసెసర్ పక్కనున్న మెమరీలో సంగతి రెండోదానికి కావాలంటే మధ్యలో వంతెన దాటి రావాలి. ఆ దాటడంలో ఆట తడబడుతుంది.

కరెంటు లెక్క కూడా చెప్పేస్తాను, ఇది ప్రతి ఇంటికీ పనికొస్తుంది. అలాంటి సర్వర్ పనేమీ లేకుండా ఊరికే కూర్చుని నూటయాభై వాట్లు తాగుతుందనుకోండి. రోజంతా ఆన్‌లో ఉంచితే నెలకి 108 యూనిట్లు. మన రెండు రాష్ట్రాల్లోనూ వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి, ఆ 108 యూనిట్లూ బిల్లులో పైమెట్టు మీదే పడతాయి. తొమ్మిది రూపాయల చొప్పున వేసినా నెలకి వెయ్యికి దగ్గర. మా మేనల్లుడు కొందామన్నది ర్యాక్ పెట్టె కాదు, అంత తినదు. అయినా ఆ జియాన్ 120 వాట్ల చిప్పు, నేను చెప్పిన ఐ3కి బేస్ పవర్ 58 వాట్లు. తాగిన కరెంటంతా చివరికి వేడి కింద గదిలోకే వస్తుంది. మే నెలలో తలుపులు మూసుకున్న హాస్టల్ గదిలో ఆ వేడిని ఎవరు భరిస్తారో ఆలోచించుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డుల విషయంలో మోజు ఇంకా ప్రమాదం. టెస్లా పీ40 అని ఎన్‌విడియా 2016లో తెచ్చిన సర్వర్ కార్డు. ఇరవై నాలుగు జీబీ మెమరీ. ఆ అంకె చూసి ఎగబడతారు. దానికి మానిటర్ తగిలించే రంధ్రమే లేదు. ఫ్యాన్ లేదు, సర్వర్ పెట్టెలో వీచే గాలి మీదే బతుకుతుంది. దానికి కరెంటు గ్రాఫిక్స్ కార్డు తీగతో కాదు, ప్రాసెసర్ తీగ రకంతో ఇవ్వాలి. రెండు తీగలూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, ప్లస్సు మైనస్సులు మాత్రం తారుమారు. బలవంతంగా గుచ్చితే పొగే. కొత్త సర్వర్ కార్డులైతే మరీ విచిత్రం. లక్షలు పోసి కొనే హెచ్100లో లెక్కలు చేసే విభాగాలు డజన్ల కొద్దీ ఉన్నా, ఆటల బొమ్మలు గీయగలిగేవి అందులో రెండే రెండని ఎన్‌విడియా తన పత్రంలోనే రాసుకుంది. ఏఐకి అది ఐరావతం, ఆటలో ఎడ్లబండి.

డేటా సెంటర్లలో ఆటలు నడిపేవాళ్ళు ఏం చేస్తున్నారో చూస్తే నాకు నవ్వొస్తుంది. మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ గేమింగ్ కోసం సర్వర్ ర్యాకుల్లో ఏం పెట్టింది? ఎక్స్‌బాక్స్ చిప్పులు. సోనీ అంతకు ముందే, ఒకే బోర్డు మీద ఎనిమిది ప్లేస్టేషన్ 3లు అమర్చి ర్యాకులకెక్కించింది. సర్వర్ల యజమానులే ఆట కోసం ఆట యంత్రాన్ని వాడుకుంటుంటే, ఆట యంత్రం కొనుక్కోవాల్సిన మా కుర్రాడు సర్వర్ కోసం వెతుకుతున్నాడు.

అలాగని సర్వర్ లోకం నుంచి ఆటకి మేలేమీ జరగలేదనను. ఒక ప్రాసెసర్ మీద ఇంకో పొర క్యాష్ మెమరీని అంతస్తులా కట్టే పద్ధతిని ఏఎండీ ముందు సర్వర్ల కోసమే ఆలోచించింది. 2022 మార్చిలో ఆ అంతస్తుల ఎపిక్ వచ్చింది, ఏప్రిల్‌లో అదే పద్ధతిలో రైజెన్ 7 5800ఎక్స్3డీ వచ్చింది. ఎనిమిదే కోర్లు, వేగం తన అన్నగారికంటే కాస్త తక్కువ, క్యాష్ మాత్రం 32 నుంచి 96 మెగాబైట్లకి పెరిగింది. ఆటల్లో అది అందర్నీ దాటేసింది. పదే పదే కావాల్సిన సరుకు చేతికందే దూరంలో ఉంటే వంట ఎంత త్వరగా అవుతుందో వంటింట్లో నిలబడే ప్రతివారికీ తెలుసు. సర్వర్ నుంచి ఆటకి రావాల్సింది ఆ ఆలోచనలాంటిది. పదేళ్ళు అరిగిన ముక్క కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, తాళాలు ఒక ఎత్తు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో ఈ పాత జియాన్ లేదు. అడ్డదారిలో ఎక్కిస్తారు, ఎక్కుతుంది కూడా. కానీ ఆన్‌లైన్ ఆటల్లో మోసగాళ్ళని పట్టే ప్రోగ్రాములు ఇప్పుడు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉందా, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే తనిఖీ చేసే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా అని గడపలోనే అడుగుతున్నాయి. విండోస్ 11 మీద వాలొరాంట్ ఆ రెండూ లేందే లోపలికి రానివ్వదు. కొత్త బ్యాటిల్‌ఫీల్డ్, కాల్ ఆఫ్ డ్యూటీలూ అదే దారి పట్టాయి. చవకని ఇంటెల్ ఆర్క్ గ్రాఫిక్స్ కార్డు పెడదామంటే, రీసైజబుల్ బార్ అనే సౌకర్యం లేని పాత బోర్డు మీద అది సగం ప్రాణంతో నడుస్తుంది.

ఎవరైనా కొనవచ్చా మరి? పగలంతా వీడియోలు కూర్చేవాడు, బ్లెండర్‌లో బొమ్మలు రెండర్ చేసేవాడు, ఒకే యంత్రంలో ఐదారు వర్చువల్ యంత్రాలు నడిపి నెట్‌వర్కింగ్ నేర్చుకునేవాడు కొనుక్కోవచ్చు. ఆ పద్నాలుగు కోర్లూ నిజంగా చెమటోడుస్తాయి. సాయంత్రం ఓ గంట పాత ఆట ఆడితే అది లాభం కింద లెక్క. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టుకుంటాననేవాళ్ళు మాత్రం ఒకసారి ఆగండి. అది సెకనుకి ఇరవైసార్లు ప్రపంచాన్ని ముందుకి జరపాలి, ఆ జరిపే పని దాదాపుగా ఒక్క థ్రెడ్డే చేస్తుంది. పేరులో సర్వర్ ఉన్నంత మాత్రాన అదీ ఈ పాత జియాన్ పని కాదు.

ఇవన్నీ విన్నాక మావాడు, "అయితే వద్దంటావా" అన్నాడు నీరసంగా.

"వద్దనను రా. దుకాణానికి వెళ్ళు. నువ్వు రోజూ ఆడే ఆట ఏదో అది అక్కడే వేయించి, పది నిమిషాలు ఆడి చూసి, అప్పుడు డబ్బులియ్యి" అన్నాను.

మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ వచ్చింది. దుకాణంలో కుర్రాడు మర్యాదగానే ఆన్ చేసి చూపించాడట. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఇరవై ఎనిమిది గళ్ళు, ముగ్గు వేసినట్టు కనబడ్డాయట. మావాడు ఫొటో కూడా తీసుకున్నాడు. ఆ తర్వాత ఆట నొక్కారు. టీపీఎం లేదని, సెక్యూర్ బూట్ లేదని ఒక పెట్టె వచ్చి ఆట మూసుకుపోయింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ అదే పెట్టె. దుకాణం కుర్రాడు కాసేపు తల గోక్కుని, "ఏం కాదు తమ్మీ, ఇది కాకపోతే ఇంకో గేమ్ ఆడుకో, మస్తుగ నడుస్తది" అన్నాడట.

"నువ్వేమన్నావ్?"

"ఫొటో చాలన్నా అని వచ్చేశా మావయ్యా."